నాన్నకు ప్రోస్టేట్ ఎంఆర్ఐ అయింది, రిపోర్టు ఇంకా రాలేదు. ఈ లోపు ఏం చేయాలి?

మలక్‌పేట_కిరణ్ | సోమవారం, రాత్రి 10:52

అందరికీ నమస్తే. మా నాన్నగారికి 67 ఏళ్లు, ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. రాత్రిపూట యూరిన్‌కి నాలుగైదు సార్లు లేస్తున్నారని యూరాలజిస్ట్‌కి చూపిస్తే పీఎస్ఏ అనే రక్త పరీక్ష రాశారు, 8.4 వచ్చింది. అల్ట్రాసౌండ్‌లో ప్రోస్టేట్ గ్రంథి సైజు 58 సీసీ. దాంతో కాంట్రాస్ట్‌తో ప్రోస్టేట్ ఎంఆర్ఐ చేయించమన్నారు, ఇవాళ సాయంత్రం అయింది. రిపోర్టు పీడీఎఫ్ రేపో ఎల్లుండో ఫోన్‌కి వస్తుందట, డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం శుక్రవారం.

అమ్మకి మాత్రం, నాన్న కిడ్నీలో రాయి ఉందేమో చూస్తున్నారని చెప్పాం. నాన్న ఏమీ అడగడం లేదు, కానీ రాత్రి భోజనం సగంలోనే లేచారు. స్కాన్ తర్వాత ఏమైనా జాగ్రత్తలు ఉంటాయా? ఆ రిపోర్టులో ఏం చూడాలి? 8.4 అంటే క్యాన్సర్ అనే అర్థమా? ఇంకో విషయం, సెంటర్‌లో ఫోన్ నంబర్ నాదే ఇచ్చాను. రిపోర్టు ముందు నేనే చూసి, బాగా లేకపోతే నాన్నకి చెప్పకుండా డాక్టర్‌తో విడిగా మాట్లాడదామని అనుకుంటున్నా. ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

స్కాన్‌రూమ్_శీను | సోమవారం, రాత్రి 11:20

కిరణ్ అన్నా, నేను సిటీలోనే ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. ఈ రాత్రికి సంబంధించినది ముందు చెప్తా, మిగతాది పెద్దవాళ్లు చెప్తారు.

ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు, అది అయస్కాంతం. కాబట్టి పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, విడిగా పడుకోవాలి లాంటివేవీ లేవు. అది రేడియోధార్మిక మందు ఎక్కించే పెట్ స్కాన్ వాళ్లకి. చాలామంది రెండూ కలిపేసి మనవళ్లని తాతకి దూరం పెడుతుంటారు, చూస్తే బాధేస్తుంది.

చేతికి ఎక్కించింది గాడోలినియం కాంట్రాస్ట్ అయి ఉంటుంది. కిడ్నీలు బాగుంటే ఒక రోజులో దాదాపు మొత్తం యూరిన్‌లో పోతుంది. అందుకే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) అడుగుతాం. నీళ్లు మామూలుగా తాగితే చాలు. ప్రోస్టేట్ పెద్దదిగా ఉన్నవాళ్లు రాత్రి పడుకునే ముందు బలవంతంగా రెండు లీటర్లు తాగితే తెల్లవార్లూ బాత్రూంలోనే ఉంటారు. ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం లాంటివి వస్తే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, చాలా అరుదు గానీ వస్తాయి.

ఒకటి మాత్రం అడగండి, పేగులు కదలకుండా ఉండటానికి బస్కోపాన్ ఇంజెక్షన్ ఇచ్చారా అని. కొన్ని సెంటర్లలో ఇస్తారు, కొన్నిచోట్ల ఇవ్వరు. ఇస్తే కాసేపు నోరు ఎండిపోతుంది, కళ్లు మసకగా ఉంటాయి, ఆ టైంలో బండి నడపకూడదు. అసలే ప్రోస్టేట్ అడ్డం ఉన్నవాళ్లకి దానివల్ల యూరిన్ బిగుసుకుపోవచ్చు కూడా. పొట్ట కింద ఉబ్బి, ఎంత ప్రయత్నించినా చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, క్యాజువాలిటీకి వెళ్లి పైపు వేయించాలి.

షుగర్ ఉందా ఆయనకి? మెట్‌ఫార్మిన్ ఆపాలని ఎవరైనా అంటారు. అది ఎక్కువగా సీటీ కాంట్రాస్ట్‌కి, అదీ కిడ్నీలు వీక్‌గా ఉన్నవాళ్లకి. మీ డాక్టర్ ఆపమనకపోతే మామూలుగా వేసుకోవచ్చు.

మలక్‌పేట_కిరణ్ | సోమవారం, రాత్రి 11:34

థాంక్స్ శీను. ఇంజెక్షన్ ఒకటే ఇచ్చారట, అది కాంట్రాస్టే అనుకుంటా. యూరిన్ వస్తోంది. షుగర్ ఉంది, టాబ్లెట్ వేసుకున్నారు. ఆ మెషీన్ చప్పుడుకి తల నొప్పిగా ఉందన్నారు అంతే. శీనూ, ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోకు. బయటికి వచ్చాక టెక్నీషియన్‌ని "ఎలా ఉంది" అని అడిగితే ముఖం తిప్పేసుకుని "డాక్టర్ చెప్తారు సార్" అన్నాడు. అప్పటి నుంచి నాకు టెన్షన్.

స్కాన్‌రూమ్_శీను | సోమవారం, రాత్రి 11:41

అన్నా, ఆ మాట అందరికీ అనే మాటే. బొమ్మలు నార్మల్‌గా ఉన్నా అదే అంటాం, మాకు చెప్పే హక్కు లేదు, చెప్పేంత తెలియదు కూడా. మా ముఖాలు చూసి రిపోర్టు చదవకండి. ఆ టైంకి మాకు ఆకలేస్తుంటుంది, బయట ఇంకా ఆరుగురు కూర్చుని ఉంటారు.

రేడియాలజీ_పీజీ | మంగళవారం, ఉదయం 7:15

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను, అక్షర దోషాలుంటే క్షమించండి. రిపోర్టు ఎందుకు లేట్ అవుతుందో ముందు చెప్తాను. ప్రోస్టేట్ ఎంఆర్ఐ అంటే ఒక బొమ్మ కాదు, మూడు రకాల సీక్వెన్సులు కలిపి చూడాలి. టీ2 అని ఒకటి, గ్రంథి లోపలి నిర్మాణం చూపిస్తుంది. డిఫ్యూజన్ అని ఇంకొకటి, కణాలు కిక్కిరిసి ఉన్న చోట నీటి కదలిక తగ్గుతుంది, అది అందులో కనిపిస్తుంది. మూడోది కాంట్రాస్ట్ ఎక్కించాక వరసగా తీసే బొమ్మలు. వీటిని పక్కపక్కన పెట్టుకుని, గ్రంథిని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగం చూస్తాం. కొన్ని సెంటర్లలో ప్రోస్టేట్ బాగా చూసే డాక్టర్ ఒక్కరే ఉంటారు, ఫైల్ ఆయన దగ్గరికి వెళ్లి రావాలి. కాబట్టి లేట్ అయితే ఏదో దొరికిందని అనుకోనక్కర్లేదు.

ఇక రిపోర్టు చివర్లో పైరాడ్స్ అని 1 నుంచి 5 వరకు ఒక అంకె ఉంటుంది. అందరి కళ్లూ దాని మీదే పడతాయి. 1, 2 అంటే ముఖ్యమైన క్యాన్సర్ ఉండే అవకాశం తక్కువ. 3 అంటే అటూ ఇటూ కాదు. 4, 5 అంటే అనుమానం ఎక్కువ. అది అనుమానం స్థాయి మాత్రమే, జబ్బు స్టేజీ కాదు. మా ఓపీకి వచ్చిన ఒకాయన పైరాడ్స్ 4 చూసి నాలుగో స్టేజీ అనుకుని ఊళ్లో పొలం కాగితాలు కూడా సర్దుకుని వచ్చారు. స్టేజీలు, గ్రేడులు అన్నీ బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) తర్వాతి సంగతి.

8.4 గురించి. పీఎస్ఏ ప్రోస్టేట్ తయారు చేసే ప్రోటీన్, క్యాన్సర్ ఒక్కటే తయారు చేసేది కాదు. గ్రంథి పెద్దదైతే పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తే బాగా పెరుగుతుంది, యూరిన్ బిగుసుకుని పైపు వేస్తే పెరుగుతుంది. టెస్టుకి ముందు రెండు రోజుల్లో వీర్యం పోయినా కొద్దిగా మారుతుంది. అందుకే పీఎస్ఏని గ్రంథి సైజుతో భాగించి చూస్తారు, దాన్ని పీఎస్ఏ డెన్సిటీ అంటారు. మీ నాన్నగారిది 8.4ని 58తో భాగిస్తే 0.145 దాకా వస్తుంది. సాధారణంగా 0.15 దాటితే అనుమానం ఎక్కువ అంటారు. అంచు మీద ఉంది. దీన్నిబట్టి అటూ ఇటూ తేల్చేయకండి, ఎంఆర్ఐలో సైజు ఇంకా కచ్చితంగా కొలుస్తారు.

ప్రోస్టేట్ మందులు ఏమైనా వాడుతున్నారా? టామ్సులోసిన్ ఒక్కటే అయితే పర్వాలేదు. డ్యుటాస్టరైడ్ గానీ ఫినాస్టరైడ్ గానీ కలిసి ఉంటే మాత్రం ఆరు నెలలు వాడేసరికి పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అంటే కాగితం మీద 4 ఉంటే అసలు 8 అని లెక్క. చాలా కాంబినేషన్ టాబ్లెట్లలో టామ్సులోసిన్‌తో పాటు డ్యుటాస్టరైడ్ కలిసే వస్తుంది, స్ట్రిప్ వెనక చదవండి.

నల్లకుంట_వేణు | మంగళవారం, ఉదయం 8:02

ఎందుకండీ ఇంత భయపెడతారు. మా బాబాయ్‌కి ఇలాగే పీఎస్ఏ 9 వచ్చింది, బయాప్సీ అన్నారు, చేయించుకోలేదు. గుమ్మడి గింజలు, టమాటా రసం, పొద్దున్నే మెంతులు, అంతే, ఇప్పటికీ ఇందిరా పార్కులో వాకింగ్ చేస్తున్నాడు. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని ఎవరూ చెప్పరు మీకు.

సైనిక్‌పురి_తాత | మంగళవారం, ఉదయం 8:40

వేణు గారూ, మీ బాబాయ్ గారు బాగుండాలి. ఆయనకి క్యాన్సర్ ఉందో లేదో మీకూ తెలియదు, ఆయనకీ తెలియదు, చూపించుకోలేదు కాబట్టి. ఈ జబ్బు చాలామందిలో ఏళ్ల తరబడి నెమ్మదిగా ఉంటుంది, అందుకే గుమ్మడి గింజలకి అంత మంచి పేరు వచ్చింది.

సూది గుచ్చితే పాకుతుందనే మాట నా బయాప్సీకి ముందు మా వియ్యంకుడు కూడా అన్నాడు. మా డాక్టర్ని అడిగితే నవ్వలేదు, కోప్పడలేదు. ప్రోస్టేట్ బయాప్సీ వల్ల అలా జరగడం లెక్కలోకి తీసుకునేంత విషయం కాదు, చేయకపోతే ఏ జబ్బో తెలియకుండా వైద్యం చేయాల్సి వస్తుంది అన్నాడు. నాకు అది సరిపోయింది.

కిరణ్ బాబూ, నా వయసు 72. నాది పైరాడ్స్ 5. తర్వాత బయాప్సీ, ఎముకలకి పాకిందేమో చూడటానికి పీఎస్ఎంఏ పెట్ స్కాన్, ఆ తర్వాత రేడియేషన్, హార్మోన్ ఇంజెక్షన్లు. ఇప్పుడు పీఎస్ఏ చెకప్పులకి వెళ్తుంటాను. మిగతాది తర్వాత రాస్తాను. ముందు నీ చివరి ప్రశ్నకి జవాబు చెప్పాలి.

నా విషయంలో మా అబ్బాయి నువ్వు అనుకుంటున్నదే చేశాడు. రిపోర్టు వాడి ఫోన్‌కి వచ్చింది. రెండు రోజులు నాకు చెప్పలేదు. ఆ రెండు రోజులు ఇంట్లో అందరూ నాతో చాలా మంచిగా మాట్లాడారు, కోడలు అడక్కుండానే మధ్యాహ్నం టీ పెట్టింది, వాడు ఆఫీసుకి సెలవు పెట్టాడు. ఇంతమంది ఒకేసారి మంచివాళ్లయితే నాకు అర్థం కాదా? పైగా నేను ఊహించుకున్నది రిపోర్టులో ఉన్నదానికంటే చాలా ఘోరంగా ఉంది. మీ నాన్నగారు ఇంజన్ శబ్దం విని లోపం పట్టుకునే మనిషి, భోజనం సగంలో లేచారంటే ఆయనకి తెలిసే ఉంటుంది.

కూకట్‌పల్లి_సుజాత | మంగళవారం, ఉదయం 10:05

తాతగారూ మీరు చెప్పింది నిజమే కానీ అందరి మనసులూ ఒకలా ఉండవు. మా వారికి 58, ఆయనే ఫోన్ పట్టుకుని రాత్రంతా యూట్యూబ్ చూసి పొద్దున్నకి అమెరికాలో ఏ ఆపరేషన్ చేస్తారో నాకు చెప్పేవారు. రిపోర్టు రాకముందే బీపీ 170 అయింది. అలాంటి మనిషికి పీడీఎఫ్ ముందే ఇవ్వకపోతేనే నయం అని నేను సెంటర్‌కి ఫోన్ చేసి హార్డ్ కాపీ మాత్రమే ఇవ్వమన్నాను. కవర్ తెరవకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాం, ఇద్దరం ఒకేసారి విన్నాం. దాచడం కాదు ఇది, ఒకేసారి తెలుసుకోవడం. పైరాడ్స్ 3 వచ్చింది. డెన్సిటీ తక్కువ, యూరిన్ కల్చర్‌లో ఇన్‌ఫెక్షన్ దొరికింది. యాంటీబయాటిక్స్ వాడి, వెంటనే కాకుండా ఆరు వారాలు గడిచాక మళ్లీ పీఎస్ఏ చేయించమన్నారు. బయాప్సీ ఇప్పుడే వద్దు, పీఎస్ఏ చూసి మాట్లాడదాం అన్నారు.

కిరణ్ గారూ, అమ్మగారికి కిడ్నీ రాయి అని చెప్పడం మాత్రం నాకు నచ్చలేదు. తర్వాత నిజం తెలిసినప్పుడు ఆవిడ జబ్బు గురించి కాదు, మీరు చెప్పలేదని ఏడుస్తారు. మా అత్తగారి విషయంలో చూశాను.

నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 10:30

చిన్న మనవి. ఇప్పుడే ఒక సభ్యుడు తన రిపోర్టు ఫొటో పెట్టి "చదివి చెప్పండి" అని అడిగారు. అందులో పేరు, యూహెచ్‌ఐడీ (హాస్పిటల్ ఇచ్చే పేషెంట్ నంబర్), ఫోన్ నంబర్ అన్నీ కనిపిస్తున్నాయి, తీసేశాను. కావాలంటే అవి చెరిపేసి మళ్లీ పెట్టండి. ఇక్కడ ఎవరూ రిపోర్టు చూసి వైద్యం చెప్పరు, అనుభవాలే పంచుకుంటారు. గుమ్మడి గింజల చర్చకి వేరే థ్రెడ్ తెరవండి.

ఓల్డ్‌సిటీ_ఇమ్రాన్ | మంగళవారం, మధ్యాహ్నం 1:18

కిరణ్ భాయ్, ఖర్చు గురించి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నా. మా అబ్బాకి అయినప్పుడు మాకు ఏం తెలియదు. ఎంఆర్ఐ రేటు సెంటర్‌కో రకంగా ఉంటుంది, హిమాయత్ నగర్‌లో ఒక రేటు, పక్క గల్లీలో ఇంకో రేటు. అడిగేటప్పుడు "ప్రోస్టేట్‌కి మల్టీపారామెట్రిక్, 3 టెస్లా మెషీనా 1.5 ఆ, కాంట్రాస్ట్ కలిపా" అని అడగాలి (మల్టీపారామెట్రిక్ అంటే పైన చెప్పిన మూడు రకాల బొమ్మలూ, టెస్లా అంటే అయస్కాంతం బలం), లేకపోతే ఫోన్‌లో ఒక రేటు చెప్పి కౌంటర్‌లో కాంట్రాస్ట్‌కి వేరే తీసుకుంటారు. మీది అయిపోయింది కాబట్టి మీకు కాదు, ఇది చదివే వేరే వాళ్లకి.

తర్వాత వైద్యం అవసరమైతే రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు చేశారు. మేము రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జేకి వెళ్లాం, గవర్నమెంట్ క్యాన్సర్ హాస్పిటల్. లైన్ పెద్దది, పొద్దున్నే పోవాలి, లక్డీకాపూల్ మెట్రో దిగితే దగ్గరే. పంజాగుట్టలో నిమ్స్ యూరాలజీ కూడా ఉంది. మీ నాన్నగారు ఆర్టీసీ అన్నారు కదా, తార్నాక ఆర్టీసీ హాస్పిటల్‌లో రిటైర్డ్ వాళ్లకి ఏం వర్తిస్తుందో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. అప్పటికప్పుడు కాగితాల కోసం తిరగడం కంటే ఖాళీగా ఎదురుచూస్తున్న ఈ రోజుల్లోనే జిరాక్స్‌లు తీసి పెట్టుకుంటే మేలు. నాకైతే ఆ పని ఉండబట్టే పిచ్చెక్కలేదు.

ఇంకోటి, సీడీ తీసుకోండి. పీడీఎఫ్ ఒక్కటే చాలదు. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే బొమ్మలు అడుగుతాడు. ఫ్యూజన్ బయాప్సీ (ఎంఆర్ఐ బొమ్మని అల్ట్రాసౌండ్‌తో కలిపి చూస్తూ చేసేది) చేస్తే అసలు బొమ్మలే కావాలి.

రేడియాలజీ_పీజీ | మంగళవారం, సాయంత్రం 6:50

ఇమ్రాన్ గారు చెప్పిన సీడీ మాట నూటికి నూరు పాళ్లు నిజం. పాత ఎంఆర్ఐ ఉంటే అది కూడా దాచుకోండి.

రిపోర్టులో భయపెట్టే పదాలు కొన్ని ఉంటాయి, ముందే చెప్తాను. "హైపోఇంటెన్స్ ఫోకస్" అంటే ఒక చోట నల్లగా కనిపించింది అని. పాత ఇన్‌ఫెక్షన్ మచ్చ కూడా నల్లగానే ఉంటుంది. "రెస్ట్రిక్టెడ్ డిఫ్యూజన్" ఉంటే దాని మీద అనుమానం కాస్త ఎక్కువ. "పెరిఫెరల్ జోన్" అంటే గ్రంథి బయటి పొర, ప్రోస్టేట్ క్యాన్సర్లలో 70 శాతం దాకా అక్కడే మొదలవుతాయి. "ట్రాన్సిషన్ జోన్" లోపలిది, వయసుతో పెద్దదయ్యేది అదే, అక్కడ గడ్డలు గడ్డలుగా ఉండటం చాలా మామూలు. "క్యాప్సూల్ ఇంటాక్ట్" (గ్రంథి పై పొర చెక్కుచెదరలేదు), "సెమినల్ వెసికిల్స్ నార్మల్" (పక్కనుండే వీర్యం సంచులు బాగున్నాయి), "లింఫ్ నోడ్స్ పెరగలేదు" అని ఉంటే అవి మంచి మాటలు, వాటిని ఎవరూ చదవరు, అంకె చూసి ఫోన్ మూసేస్తారు.

మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. టీబీ ప్రోస్టేట్‌కి వచ్చినా, మూత్రాశయం క్యాన్సర్‌కి బీసీజీ అనే మందు వేసినా, గ్రంథిలో వచ్చే ఒక రకం వాపు ఎంఆర్ఐలో అచ్చం పెద్ద క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. అందుకే 5 వచ్చినా బయాప్సీ లేకుండా ఎవరూ ముద్ర వేయరు. అలాగే 1, 2 వచ్చినా వందకి వంద లేదని కాదు, కొన్ని చిన్నవి కనిపించవు. తుంటి కీలు మార్చుకున్నవాళ్లకైతే ఆ లోహం వల్ల డిఫ్యూజన్ బొమ్మలు చెడిపోతాయి.

బయాప్సీ ముందు ఎంఆర్ఐ ఎందుకు అంటే, 2017లో బ్రిటన్‌లో ప్రోమిస్ అనే అధ్యయనం వచ్చింది, 576 మందికి ఎంఆర్ఐ, రెండు రకాల బయాప్సీలు చేసి పోల్చారు. ముందు ఎంఆర్ఐ తీస్తే నలుగురిలో ఒకరికి పైగా బయాప్సీ తప్పించవచ్చని తేలింది. పాత రోజుల్లో పీఎస్ఏ పెరిగితే నేరుగా సూదే. కాబట్టి మీ డాక్టర్ ఎంఆర్ఐ రాయడం మంచి సంకేతమే, తొందరపడే మనిషి కాదు.

మలక్‌పేట_కిరణ్ | బుధవారం, రాత్రి 9:27

వచ్చింది. మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది. తెరవలేదు. ఇంటికి వచ్చి నాన్న పక్కన కూర్చుని "రిపోర్టు వచ్చింది, ఇప్పుడు చూద్దామా, శుక్రవారం డాక్టర్ దగ్గర చూద్దామా" అని అడిగాను. "తెరువు, అందులో ఏముందో అదే ఉంటుంది" అన్నారు. అమ్మని కూడా పిలిచారు. రాయి కాదని అమ్మకి ముందే తెలుసట, మా చెల్లి చెప్పేసింది.

పైరాడ్స్ 4. ఎడమ వైపు పెరిఫెరల్ జోన్‌లో 9 మిల్లీమీటర్లు. క్యాప్సూల్ ఇంటాక్ట్. సెమినల్ వెసికిల్స్ నార్మల్. నోడ్స్ లేవు. సైజు 61 సీసీ రాశారు. అంటే డెన్సిటీ ఇంకా కొంచెం తగ్గింది కదా, బయాప్సీ తప్పించుకోవచ్చా? నాన్న అడిగిన ప్రశ్న ఇది, నాది కాదు.

రేడియాలజీ_పీజీ | బుధవారం, రాత్రి 10:11

8.4ని 61తో భాగిస్తే 0.138. కానీ నిజం చెప్పాలి, డెన్సిటీ ఎక్కువగా పనికొచ్చేది 3 వచ్చినప్పుడు. 4 అయితే సాధారణంగా బయాప్సీయే చెప్తారు. పెరిఫెరల్ జోన్‌లో ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు ఉంటే 4, దాటితే 5, మీది 9 మిల్లీమీటర్లు, చిన్నదే. అధ్యయనాన్ని బట్టి అంకెలు మారతాయి గానీ 4 వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికే వైద్యం అవసరమైన స్థాయి క్యాన్సర్ దొరుకుతుంది. మిగతా సగంలో కొందరికి ఏమీ ఉండదు, కొందరికి చాలా నెమ్మదైన రకం ఉంటుంది. శుక్రవారం మీ డాక్టర్ చెప్పేదే ఫైనల్.

సైనిక్‌పురి_తాత | గురువారం, ఉదయం 6:30

మీ నాన్నగారి మాట నాకు నచ్చింది. ఇప్పుడు బయాప్సీ గురించి రాస్తాను, ఎవరూ సిగ్గుపడి చెప్పని సంగతులతో సహా. ఆయనకి చదివి వినిపించు లేదా ఫోన్ ఇచ్చేయి.

రెండు దారులు ఉన్నాయి. ఒకటి మలద్వారం గుండా, ఇంకొకటి వృషణాలకీ మలద్వారానికీ మధ్య చర్మం గుండా. రెండోదాన్ని ట్రాన్స్‌పెరినియల్ అంటారు, అందులో రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ ఎక్కే భయం తక్కువ. నాకు అదే చేశారు, ఎంఆర్ఐ బొమ్మని అల్ట్రాసౌండ్ మీద కలిపి చూస్తూ. మత్తు ఇంజెక్షన్ మంట అనిపించింది, ఆ తర్వాత స్టేప్లర్ కొట్టినట్టు టక్ టక్ అని శబ్దం, ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను గానీ నొప్పి ఓర్చుకోగలిగినదే.

తర్వాత మూత్రంలో ఎరుపు కొన్ని రోజులు ఉంటుంది. వీర్యంలో రక్తం మాత్రం వారాల తరబడి కనిపిస్తుంది, మొదట ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో. నాకు ఎవరూ చెప్పలేదు ఇది, చెప్పి ఉంటే అంత హడలిపోయేవాడిని కాదు. అసలు భయపడాల్సింది చలి జ్వరానికి. బయాప్సీ తర్వాత వణుకుతో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని పడుకోకూడదు, అర్ధరాత్రయినా హాస్పిటల్‌కే. గడ్డలు గడ్డలుగా రక్తం వచ్చినా, యూరిన్ ఆగిపోయినా అంతే.

రిపోర్టు రావడానికి మళ్లీ ఎదురుచూపు, వారం దాకా పట్టొచ్చు, ముక్కకి ప్రత్యేక రంగులు (స్టెయిన్లు) వేసి చూస్తే ఇంకొన్ని రోజులు. గ్లీసన్ అని, క్యాన్సర్ ఎంత దూకుడు రకమో చెప్పే అంకె, 6 నుంచి 10 దాకా ఉంటుంది. 6 అయితే చాలామందికి ఏ వైద్యమూ మొదలుపెట్టరు, పీఎస్ఏ, ఎంఆర్ఐ, అవసరమైతే మళ్లీ బయాప్సీ చేస్తూ కనిపెట్టి ఉంటారు. యాక్టివ్ సర్వైలెన్స్ అంటారు. మా వాకింగ్ గ్రూపులో ఒకాయన ఏళ్లుగా అలాగే ఉన్నాడు. ఆయన భార్యకి మాత్రం "క్యాన్సర్ ఉంచుకుని ఊరుకోవడం ఏంటి" అని ఇప్పటికీ కోపం.

కూకట్‌పల్లి_సుజాత | గురువారం, ఉదయం 9:12

ఆవిడ కోపంలో న్యాయం ఉంది తాతగారూ, నాకైనా అలాగే ఉంటుంది. కానీ మా డాక్టర్ చెప్పింది, బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1643 మందిని మూడు భాగాలు చేసి, కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరిని కేవలం కనిపెట్టి ఉండి, 15 ఏళ్ల దాకా చూశారట. 2023లో ఫలితం వచ్చింది. మూడు గుంపుల్లోనూ ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు వందకి ఇద్దరు ముగ్గురే. కనిపెట్టి ఉన్న గుంపులో జబ్బు పాకడం మాత్రం దాదాపు రెట్టింపు. అది విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టింది. మా వారికి పట్టలేదు, అది వేరే విషయం.

నల్లకుంట_వేణు | గురువారం, ఉదయం 11:40

సరే, నేను బాబాయ్‌ని ఒకసారి పీఎస్ఏ రిపీట్ చేయించుకోమన్నాను. ఒప్పుకోలేదు. ఆదివారం మళ్లీ అడుగుతా. కానీ మెంతులు మానమని మాత్రం చెప్పను.

మలక్‌పేట_కిరణ్ | శుక్రవారం, రాత్రి 8:45

వెళ్లొచ్చాం. ట్రాన్స్‌పెరినియల్ ఫ్యూజన్ బయాప్సీ అన్నారు, వచ్చే వారం. డాక్టర్ సీడీ అడిగారు, ఇమ్రాన్ భాయ్ చెప్పబట్టి ముందే తీసుకెళ్లా. నాన్న తాతగారి పోస్ట్ మొత్తం మెట్రోలో చదివారు, ఆ గోధుమ రంగు సంగతి డాక్టర్ చెప్పబోతుంటే "తెలుసు సార్" అన్నారు.

ఒక్క డౌట్ మిగిలింది. నాన్నకి గుండెలో స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నారు. ఆ హడావుడిలో అడగడం మర్చిపోయాం. ఆపాలా?

సైనిక్‌పురి_తాత | శుక్రవారం, రాత్రి 9:03

మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి. స్టెంట్ ఎప్పుడు వేశారన్నది ముఖ్యం. రేపు పొద్దున్నే స్టెంట్ వేసిన కార్డియాలజిస్ట్‌కి ఫోన్ చేసి, ఆయన ఏం చెప్పారో కాగితం మీద రాయించి యూరాలజిస్ట్‌కి చూపించండి. ఎకోస్ప్రిన్ చాలామందికి ఆపరు. క్లోపిడోగ్రెల్ కొన్ని రోజుల ముందు ఆపాల్సి రావచ్చు, స్టెంట్ కొత్తదైతే బయాప్సీనే వాయిదా వేయొచ్చు. ఇద్దరు డాక్టర్లూ ఒకే మాట మీద ఉండాలి.

ఓల్డ్‌సిటీ_ఇమ్రాన్ | శుక్రవారం, రాత్రి 9:20

రేపు రెండో శనివారం భాయ్, కొన్ని ఓపీలు ఉండవు. పొద్దున ఫోన్ ఎత్తకపోతే హాస్పిటల్ ఎమర్జెన్సీ నంబర్‌కి చేసి కార్డియాలజీ డ్యూటీ డాక్టర్‌ని అడగండి. స్టెంట్ కార్డు, డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెట్టుకుని చేయండి, తేదీ అడుగుతారు.

మలక్‌పేట_కిరణ్ | శుక్రవారం, రాత్రి 9:31

డిశ్చార్జ్ సమ్మరీ అమ్మ బీరువాలో ఉందట, వెతుకుతోంది. రేపు మాట్లాడి ఇక్కడే రాస్తా.